“ఏఐ వాడలేదు” అని సంతకం పెట్టమంటున్నారు. వాడాను. ఇప్పుడెలా?

గోదారి_కోడర్ · సోమవారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారమండి. కాకినాడలో ఉంటాను, ఇంటి నుంచే ఫ్రీలాన్స్. ఎక్కువగా జాంగో, రియాక్ట్‌లతో వెబ్ ప్రోగ్రామింగ్. నాలుగేళ్ళుగా ఒక అమెరికా కంపెనీకి చేస్తున్నాను. చిన్నదే, క్లినిక్‌లకి అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. ఇన్నాళ్ళూ మా మధ్య మూడు పేజీల కాంట్రాక్ట్ ఉండేది. మొన్న ఆ కంపెనీని ఇంకొకళ్ళు కొన్నారు. కొత్తవాళ్ళ లీగల్ టీమ్ 19 పేజీల కాంట్రాక్ట్ పంపి, శుక్రవారం లోపు సంతకం పెట్టమంది.

పదకొండో సెక్షన్ దగ్గర ఆగిపోయాను. తెలుగులో చెప్తే ఇలా ఉంది:

“అప్పగించిన ఏ పనిలోనూ, పూర్తిగా గానీ కొంత గానీ, ఏ రకమైన కృత్రిమ మేధ సాధనాన్నీ వాడలేదని, ఇకముందు వాడబోనని కాంట్రాక్టర్ హామీ ఇస్తున్నారు. ఈ ఒప్పందానికి ముందు ఇచ్చిన పనికి కూడా ఈ హామీ వర్తిస్తుంది. హామీ తప్పితే కంపెనీకి కలిగే నష్టమంతా కాంట్రాక్టరే భరించాలి.”

ఎంతవరకు భరించాలో లేదు. లిమిట్ లేదు.

కోడ్ రాయడంలో సాయం చేసే ఏఐ టూల్ కోపైలట్‌ని 2023 నుంచి వాడుతున్నాను. టెస్టులు, రెగెక్స్‌లు, మైగ్రేషన్ స్క్రిప్టులు, అలాంటివాటికి. దాచిపెట్టి వాడింది కూడా కాదు. పాత ప్రాజెక్ట్ మేనేజర్ స్క్రీన్ షేర్‌లో చూసి “నీకూ బానే పనికొస్తోందే” అని నవ్వాడు కూడా. ఆయన ఇప్పుడు కంపెనీలో లేడు.

నా ఆదాయంలో సగం పైన ఈ క్లయింట్ నుంచే. ఇంట్లో ఇంకా చెప్పలేదు. టెన్షన్‌గా ఉంది.

---

ఓరుగల్లు_దేవ్ · మంగళవారం, అర్ధరాత్రి 12:15

అన్నా, సంతకం పెట్టి పడుకో. కోడ్‌కి వాసన ఉండదు. మామూలు ఇంగ్లీష్ వ్యాసం ఏఐ రాసిందో మనిషి రాసిండో పట్టే టూల్‌ని ఓపెన్‌ఏఐ వాళ్ళే సరిగ్గా పనిచేయట్లేదని 2023 జులైలో మూసేసుకున్నారు. ఇక నీ జాంగో మోడల్ చూసి ఎవడు కనిపెడతాడు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకు.

---

వకీలమ్మ · మంగళవారం, ఉదయం 7:05

దేవ్ గారి సలహా పాటించకండి, దయచేసి.

హైదరాబాద్‌లో కాంట్రాక్టుల పని చేస్తాను. ఇక్కడ రాసేది సాధారణ విషయమే, మీ కేసుకి సలహా కాదు. మీ కాగితాలు చూసే లాయర్ మీకు వేరే కావాలి.

ఆ క్లాజ్‌లో రెండు హామీలు చూడ్డానికి ఒకేలా ఉన్నా వేరు వేరు. “ఇకముందు వాడను” అనేది మాట ఇవ్వడం. రేపు నిలబెట్టుకోవచ్చు, తప్పవచ్చు. “ఇంతవరకు వాడలేదు” అనేది జరిగిపోయిన దాని గురించి చెప్పడం. మీరు సంతకం పెట్టిన క్షణానికే అది అబద్ధం, అది మీకు తెలుసు. తెలిసి అబద్ధం రాసిచ్చాక “క్లాజ్ మరీ అన్యాయంగా ఉంది” అనే మీ వాదనకి బలం పోతుంది.

ఇక ఎవరు కనిపెడతారు అంటే, డిటెక్టర్లు కనిపెట్టవు. నిజమే. మీ కోడ్ దాచే చోటు, రిపోజిటరీయే చెప్తుంది. కమిట్ హిస్టరీ, అంటే ఎప్పుడు ఏం మార్చారో ఉండే చిట్టా చూడండి. క్లాడ్ కోడ్ అనే ఏఐ టూల్‌తో కమిట్ చేయిస్తే డిఫాల్ట్‌గా కింద “కో-ఆథర్డ్-బై క్లాడ్” అని లైన్ వేస్తుంది. కర్సర్ అనే ఏఐ ఎడిటర్ రూల్స్ ఫైల్, కోపైలట్ సూచనల ఫైల్ రిపోలోకి వెళ్ళిపోయి ఉంటాయి. నేను చూసిన తగాదాలు ఇలాంటి చోటే మొదలయ్యాయి. అంత టెక్నాలజీ ఏం అవసరం లేదు, ఒక సెర్చ్ చాలు.

---

గోదారి_కోడర్ · మంగళవారం, ఉదయం 7:48

వకీలమ్మ గారూ, ఇప్పుడే చూశాను. 31 కమిట్లలో ఉంది ఆ లైన్. గత ఏడాది రెండు నెలలు క్లాడ్ కోడ్ ట్రై చేశాను, ఆ లైన్ పడుతోందని గమనించనే లేదు.

---

సెమీకోలన్ · మంగళవారం, ఉదయం 7:51

రీబేస్ చేసి ఫోర్స్ పుష్ కొట్టెయ్ బ్రో 😅

---

వకీలమ్మ · మంగళవారం, ఉదయం 7:58

జోక్‌గా అన్నారనే అనుకుంటాను. ఈ కాంట్రాక్ట్ అందాక హిస్టరీ చెరిపితే, “టూల్ వాడాడు” అన్న చిన్న విషయం “సాక్ష్యం మాయం చేశాడు” అవుతుంది. ఆ 31 కమిట్లు అలాగే ఉండనివ్వండి.

---

డల్లాస్_బాబాయ్ · మంగళవారం, ఉదయం 9:30

బల్లకి అటువైపు కూర్చునేవాణ్ణి నేను. డల్లాస్‌లో ఒక మధ్య తరహా కంపెనీలో వెండర్ కాంట్రాక్టులు చూస్తాను, ఊరు తెనాలి. ఇలాంటి క్లాజులు మేమూ పెట్టాం, కాబట్టి తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నాను.

2023లో శామ్‌సంగ్ ఇంజినీర్లు సోర్స్ కోడ్ తీసుకెళ్ళి చాట్‌జీపీటీలో పేస్ట్ చేశారని వార్త వచ్చింది, ఆ కంపెనీ ఆ టూల్స్ అన్నీ ఆపేసింది. గుర్తుండే ఉంటుంది. ఆ వారమే మా లీగల్ వాళ్ళు “అన్ని వెండర్ కాంట్రాక్టుల్లో ఏఐ నిషేధం” అని ఒక పేరా తయారు చేశారు. దాన్ని రాసినాయనకి ఆటో కంప్లీట్ అంటే ఏమిటో తెలీదు. అప్పటినుంచి ఆ పేరా కాపీ అవుతూనే ఉంది. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టిన పద్ధతి.

అయితే ఎలుకలు మాత్రం ఉన్నాయి. నాకు తెలిసి మూడు. మా కోడ్, మా డేటా బయటికి పోతుందేమోనని ఒకటి. డబ్బిచ్చి చేయించుకున్న కోడ్ మీద మాకు హక్కు నిలుస్తుందా అని ఇంకోటి. ఎవరో జీపీఎల్ (కలుపుకుంటే మన కోడ్ కూడా బయటపెట్టాలనే ఓపెన్ సోర్స్ లైసెన్సు) కింద పెట్టిన కోడ్ గుట్టుచప్పుడు కాకుండా మా ప్రోడక్ట్‌లోకి వచ్చేస్తే ఏమిటని మూడోది. ఈ మూడింటికీ మందు వేరు. “ఏఐ వాడకు” అని ఒక్క వాక్యం రాస్తే మూడూ తీరిపోయినట్టు లీగల్ వాళ్ళకి హాయిగా ఉంటుంది.

తమ్ముడూ, నీది క్లినిక్ సాఫ్ట్‌వేర్. అంటే హిపా, రోగుల వివరాలు కాపాడే అమెరికా చట్టం. రోగుల వివరాలు చేతికి వచ్చే ప్రతి వెండర్‌తోనూ బిజినెస్ అసోసియేట్ ఒప్పందం ఉండాలి. నువ్వు ప్రొడక్షన్ లాగ్ (నడుస్తున్న సాఫ్ట్‌వేర్ రాసుకునే రికార్డు) ఒకటి నీ సొంత చాట్ ఖాతాలో పెడితే, ఆ చాట్ కంపెనీకీ మీ క్లయింట్‌కీ మధ్య అలాంటి ఒప్పందం ఉండదు. మీవాళ్ళ అసలు భయం అదే అయి ఉంటుందని నా అంచనా. పైగా కంపెనీ చేతులు మారింది అంటున్నావు. కొనేటప్పుడు కొన్నవాళ్ళ లాయర్లు “ఏఐ రాసిన కోడ్ ఎక్కడెక్కడ ఉందో చెప్పండి” అని ఒక ప్రశ్నల పట్టిక ఇస్తారు. అమ్మినవాళ్ళు ఏం రాసిచ్చారో ఏమో.

సంతకం పెట్టకు, పెట్టనని మొండికేయకు. ముందు ఫోన్ చేసి “ఈ క్లాజ్ దేనికోసం?” అని అడుగు. అంతే అడుగు. ఎక్కువ మాట్లాడకు.

---

పద్మ_పైథాన్ · మంగళవారం, మధ్యాహ్నం 1:10

“ఏ రకమైన కృత్రిమ మేధ సాధనం” అనే మాట మీద నాకు నవ్వొస్తోంది. జెట్‌బ్రెయిన్స్ ఐడీఈల్లో (కోడ్ రాసే ఎడిటర్లలో) 2024.1 వెర్షన్ నుంచి ఫుల్ లైన్ కంప్లీషన్, అంటే లైన్ మొత్తం అదే పూరించే ఏఐ వస్తోంది. చిన్న మోడల్, మన ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది, ఒక్క అక్షరం బయటికి పోదు. అయినా ఈ క్లాజ్ ప్రకారం నేరమే. గూగుల్‌లో ఎర్రర్ మెసేజ్ కొడితే పైన కనిపించేది కూడా ఏఐ సారాంశమే. ఆ లెక్కన ఈ హామీ నిజాయితీగా ఇవ్వగలిగిన ప్రోగ్రామర్ నాకు తెలిసి ఒక్కడే, మా మావయ్య. ఆయన 2011లో రిటైరయ్యాడు.

నా అనుభవం ఒకటి. ఒక ఏజెన్సీకి ఫిక్స్‌డ్ ప్రైస్ మీద ఇన్‌వెంటరీ మాడ్యూల్ చేశాను. చివరి ఇన్‌స్టాల్‌మెంట్ ₹1,80,000. పని అంతా తీసుకున్నాక “కోడ్ స్టైల్ ఒక్కో ఫైల్‌లో ఒక్కోలా ఉంది, ఏఐతో చేయించావు, డబ్బులివ్వం” అన్నారు. కాంట్రాక్ట్‌లో ఏఐ అనే మాటే లేదు. స్టైల్ మారడానికి కారణం, సగం ఫైళ్ళు వాళ్ళ పాత డెవలపర్‌వి! నేను ముట్టుకోను కూడా లేదు వాటిని.

నాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చేది) ముందునుంచీ ఉంది. ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 కింద చెల్లింపు 45 రోజులు దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు చక్రవడ్డీ అని నోటీసు పంపాను. మూడో వారంలో డబ్బులు పడ్డాయి, వడ్డీ లేకుండా. సరే పోనీ అనుకున్నాను.

గోదారి గారికి ఇది పనికిరాదని తెలుసు, ఆయన క్లయింట్ అమెరికాలో ఉన్నాడు. ఇండియన్ క్లయింట్లు ఉన్నవాళ్ళు మాత్రం ఉద్యమ్ ఇవాళే చేసుకోండి. పైసా ఖర్చు లేదు. పని ఇచ్చాక చేసుకుంటే లాభం ఉంటుందన్న నమ్మకం లేదు.

---

ఓరుగల్లు_దేవ్ · మంగళవారం, సాయంత్రం 6:22

సరే, 31 కమిట్ల సంగతి విన్నాక నా సలహా వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా కోపం తీసుకోను.

ఈ క్లయింట్లకి ఏం కావాలో వాళ్ళకే తెల్వదు. పోయిన నెల ఒకాయన నా ఎస్టిమేట్ చూసి “ఏఐ ఉందిగా, పది రోజులెందుకు, నాలుగు చాలు” అన్నడు. అదే ఆయన పంపిన కాంట్రాక్ట్‌లో ఏఐ వాడొద్దని ఉంది! వేగం ఏఐది కావాలె, చేతులు మాత్రం నావి కావాలె. ముందు ఈ ఏఐతో పని నిజంగా వేగమైతదా అంటే, మెటర్ అనే సంస్థ 2025లో అనుభవం ఉన్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్ల మీద పరీక్ష పెట్టింది. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ టైం పట్టింది. వాళ్ళేమో 20 శాతం తక్కువ పట్టిందని అనుకున్నరు. నేనూ వాళ్ళలాంటోణ్ణే కావచ్చు.

---

సెమీకోలన్ · మంగళవారం, రాత్రి 8:40

జోక్స్ పక్కన పెట్టి ఒక డౌట్. ఏఐ రాసిన కోడ్‌కి అసలు కాపీరైటే లేదంటారు కదా. లేని హక్కుని క్లయింట్‌కి రాసివ్వడం ఏమిటి?

ఇంకోటి. గోదారి అన్న సంతకం పెట్టి, తర్వాత గొడవైతే అమెరికా నుంచి కాకినాడ కోర్టుకి వస్తారా నిజంగా?

---

వకీలమ్మ · మంగళవారం, రాత్రి 10:15

రెండూ మంచి ప్రశ్నలే. కాస్త పెద్ద జవాబు.

అమెరికాలో కాపీరైట్ ఆఫీస్ 2025 జనవరి నివేదికలో చెప్పింది ఇది: ప్రాంప్ట్ ఇచ్చినంత మాత్రాన వచ్చిన దానికి మీరు రచయిత కారు. మీరు ఎంచి, మార్చి, అమర్చిన మేరకు మాత్రం రక్షణ ఉంటుంది. 2025 మార్చిలో ఏఐనే రచయితగా చూపిన థేలర్ కేసులో వాషింగ్టన్ డీసీ అప్పీల్ కోర్టు కూడా రచయిత మనిషే అయి ఉండాలంది. కాబట్టి “లేనే లేదు” అనడం తప్పు. మీరు ఏఐ ఏజెంట్‌కి మొత్తం అప్పజెప్పి చూడకుండా పుష్ చేసిన మాడ్యూల్‌కీ, టూల్ సూచించిన రెండు లైన్లు ట్యాబ్ కొట్టి తీసుకున్న ఫంక్షన్‌కీ తేడా ఉంది.

మన దగ్గర 1957 కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో చేరిన ఒక వాక్యం ఉంది. సెక్షన్ 2(డి)(6). కంప్యూటర్ ద్వారా తయారైన రచనకి, దాన్ని తయారయ్యేలా చేసిన వ్యక్తి రచయిత అంటుంది. చాట్‌బాట్‌లు కలలో కూడా లేని రోజుల్లో రాసిన మాట అది. ఇవాళ్టి టూల్స్‌కి ఎంతవరకు సరిపోతుందన్న వాదన నడుస్తూనే ఉంది.

దీనికంటే ఫ్రీలాన్సర్లు అసలు పట్టించుకోని సంగతి ఇంకోటి ఉంది. ఉద్యోగి రాసిన కోడ్‌కి సెక్షన్ 17 ప్రకారం మొదటి యజమాని కంపెనీ. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. అంటే రాసివ్వనంతవరకు కోడ్ మీది, డబ్బు తీసుకున్నా సరే. రాసిచ్చేది కాగితం మీద సంతకంతో ఉండాలని సెక్షన్ 19 చెప్తుంది. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళే. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. అమెరికాలో కూడా బయటివాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్ “వర్క్ ఫర్ హైర్” (చేయించుకున్నవాళ్ళే యజమాని అనే నియమం) కింద దానంతట అది రావడం అరుదు, అందుకే హక్కుల బదిలీ వేరే రాయించుకుంటారు. బాబాయి గారి రెండో ఎలుక ఇక్కడ ఉంది. మీరు బదిలీ చేస్తున్న దాంట్లో మీకు హక్కున్న భాగం ఎంతో వాళ్ళకి తెలియాలి. అడగడం న్యాయమే. నిషేధించడం దానికి జవాబు కాదు.

కాకినాడకి వస్తారా అంటే. అమెరికా కోర్టు డిక్రీని మన దగ్గర నేరుగా అమలు చేయించుకోవడం కుదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఎ కింద గుర్తించిన దేశాల్లో బ్రిటన్, సింగపూర్, యూఏఈ ఉన్నాయి, అమెరికా లేదు. ఆ తీర్పు పట్టుకుని ఇక్కడ కొత్తగా దావా వేయాలి. ఇది విని సంబరపడకండి. మీ కాంట్రాక్ట్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) ఉందేమో చూడండి. న్యూయార్క్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం వల్ల అమెరికాలో ఇచ్చిన ఆర్బిట్రేషన్ అవార్డుని ఇక్కడ అమలు చేయించుకునే దారి ఉంది.

నిజం చెప్పాలంటే చాలాసార్లు అంత దూరం పోదు. పెండింగ్‌లో ఉన్న ఇన్‌వాయిస్ ఆపేస్తారు, అంతే. మీ మెడ దొరికేది అక్కడే.

---

గోదారి_కోడర్ · బుధవారం, ఉదయం 6:30

ఆర్బిట్రేషన్ ఉందండి, డెలావేర్‌లో. ఇన్‌వాయిస్‌లు రెండు పెండింగ్.

రాత్రి కూర్చుని నా పాత చాట్‌లన్నీ తిరగేశాను. బాబాయి గారు లాగ్ గురించి అన్నాక నిద్ర పట్టలేదు. ఒక విషయం చెప్పాలి.

*[ఇక్కడ ఒక పేరా తొలగించబడింది]*

---

మోడరేటర్ · బుధవారం, ఉదయం 6:52

గోదారి_కోడర్ గారి పోస్ట్‌లో ఒక పేరా తీసేశాం. ముందు వకీలమ్మ గారు చెప్పారు, తర్వాత ఆయనే అడిగారు. చదివినవాళ్ళు దయచేసి కోట్ చేయకండి.

---

వకీలమ్మ · బుధవారం, ఉదయం 6:55

అలాంటివి పబ్లిక్‌లో రాయకండి గోదారి గారూ. ఎవరి పేర్లు, నంబర్లు ఎక్కడ పడ్డాయన్నది మీ లాయర్‌తో, ఆ తర్వాత క్లయింట్‌తో మాట్లాడాల్సిన విషయం. ఇవాళే లాయర్‌ని కలవండి. శుక్రవారం గడువు పొడిగించమని ఒక్క లైన్ మెయిల్ పెట్టండి. కారణం చెప్పక్కర్లేదు, “కాంట్రాక్ట్ చూపించుకుంటున్నాను” అంటే చాలు. ఎవరూ కాదనరు.

---

పద్మ_పైథాన్ · బుధవారం, ఉదయం 8:20

ఖాతాల సంగతి తెలియనివాళ్ళ కోసం. సొంత ఖాతా వేరు, బిజినెస్ ఖాతా వేరు, ఏపీఐ (మన ప్రోగ్రామ్ నేరుగా మోడల్‌తో మాట్లాడే దారి) వేరు. ఓపెన్‌ఏఐ 2023 మార్చి 1 నుంచి ఏపీఐలో వెళ్ళిన డేటాతో, మనం ఒప్పుకుంటే తప్ప, ట్రైనింగ్ చేయనంటోంది. చాట్‌జీపీటీ సొంత ఖాతాలో మాత్రం సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మనమే ఆపుకోవాలి. క్లాడ్‌లో 2025 ఆగస్టులో రూల్స్ మారాయి. ఫ్రీ, ప్రో, మ్యాక్స్ ఖాతాలవాళ్ళని ట్రైనింగ్‌కి ఒప్పుకుంటారా అని అడిగారు, ఆ ఖాతాలతో క్లాడ్ కోడ్ వాడినా అదే లెక్క. చాలామంది ఆ డబ్బా చూడకుండానే “సరే” నొక్కేశారు. నేనూ నొక్కాను, తర్వాత వెళ్ళి మార్చుకున్నాను.

ఏదీ బయటికి పోకూడదంటే ఒల్లామా అనే ప్రోగ్రామ్ పెట్టుకుని మన మెషీన్‌లోనే చిన్న మోడల్ నడుపుకోవచ్చు. నా 16 జీబీ ల్యాప్‌టాప్‌లో విమానం లేచినంత చప్పుడు వస్తుంది, అది వేరే విషయం.

---

డల్లాస్_బాబాయ్ · బుధవారం, ఉదయం 9:05

మూడో ఎలుక గురించి ఎవరూ మాట్లాడలేదు, లైసెన్సులు. 2022 నవంబర్‌లో కోపైలట్ మీద కాలిఫోర్నియాలో కేసు వేశారు. పబ్లిక్ కోడ్‌ని లైసెన్సు, పేరు లేకుండా తిరిగి ఇస్తోందని. 2024 వచ్చేసరికి ఆ ఆరోపణల్లో చాలావాటిని జడ్జి కొట్టేశాడు, ఒక ముక్క మీద అప్పీలుకి వెళ్ళారు. ఓపెన్ సోర్స్‌లోనే చూడండి, 2024లో జెంటూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు ఏఐ సాయంతో చేసిన కోడ్ తీసుకోబోమన్నారు, అలాంటిదే ఇంకోటి నెట్‌బీఎస్‌డీ ముందు అనుమతి లేకుండా చేర్చొద్దంది. అంటే మీ క్లయింట్ లాయర్ మాత్రమే భయపడడం లేదు.

కోపైలట్‌లో పబ్లిక్ కోడ్‌తో సరిపోయే సూచనలు ఆపే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేసి ఉంచుకో. సుమారు 150 అక్షరాల ముక్క పట్టుకుని గిట్‌హబ్‌లో ఉన్న పబ్లిక్ కోడ్‌తో పోల్చి చూస్తుంది. అలాగని “కాపీరైట్ కేసొస్తే మైక్రోసాఫ్ట్ చూసుకుంటుందట” అనుకోవద్దు. 2023 సెప్టెంబర్‌లో వాళ్ళిచ్చిన మాట డబ్బు కట్టే వ్యాపార కస్టమర్లకి, అదీ ఫిల్టర్లు ఆన్‌లో ఉంటేనే. నీ సొంత ప్లాన్ చూపించి నీ క్లయింట్‌కి నువ్వు అదే మాట ఇస్తే, మధ్యలో గొడుగు లేదు. వాన నీ మీదే.

---

వకీలమ్మ · బుధవారం, రాత్రి 9:40

చాలామంది మెసేజ్ పెట్టారు, మాదిరి క్లాజ్ ఉంటే ఇవ్వమని. యథాతథంగా వాడకండి, మాట్లాడుకోవడానికి ఆధారం అంతే:

“కోడ్ రాయడంలో కాంట్రాక్టర్ సహాయక సాధనాలు వాడవచ్చు. అయితే కంపెనీ ఆమోదించిన ఖాతాల్లో మాత్రమే, ఇచ్చిన సమాచారాన్ని శిక్షణకి వాడని షరతు మీద మాత్రమే. వ్యక్తిగత వివరాలు, పాస్‌వర్డులు, కీలు ఏ సాధనంలోనూ ఉంచరాదు. చేర్చిన ప్రతి భాగాన్నీ కాంట్రాక్టర్ చదివి, పరీక్షించి, తాను రాసినదానికి ఎంత బాధ్యత వహిస్తారో దీనికీ అంతే బాధ్యత వహిస్తారు. ప్రధానంగా సాధనం తయారుచేసిన ఫైళ్ళు ఏవో అడిగినప్పుడు తెలియజేస్తారు. మూడో వ్యక్తుల హక్కులకి భంగం లేదని తనకు తెలిసినంతవరకు హామీ ఇస్తారు. మొత్తం బాధ్యత గత పన్నెండు నెలల్లో చెల్లించిన ఫీజుకి మించదు.”

“తనకు తెలిసినంతవరకు” అన్న మాట, చివరి వాక్యం, ఈ రెండింటి కోసం పోరాడండి. మిగతావాటిలో సర్దుకోవచ్చు. గతం గురించి హామీ తీసేయించి, ఏ టూల్ ఎప్పటినుంచి దేనికి వాడారో ఒక పేజీ అనుబంధంగా జతచేయండి. చెప్పిన విషయం మీద తర్వాత మిమ్మల్ని పట్టుకోవడం కష్టం.

“చదివి” అన్నది మాటవరసకి కాదు. ఈ మోడళ్ళు లేని ప్యాకేజీ పేర్లు చెప్తాయి, ఆ పేరుతో ఎవరో దొంగ ప్యాకేజీ పెట్టి కూర్చుంటే మీరే ఇన్‌స్టాల్ చేస్తారు.

---

ఓరుగల్లు_దేవ్ · బుధవారం, రాత్రి 10:02

అమ్మా, ఇది చదివితే నాకే సంతకం పెట్టాలనిపిస్తోంది. ఒక్కటి చెప్పండి. గంటల లెక్కన బిల్ చేస్తా. ఆరు గంటల పని టూల్‌తో రెండు గంటల్లో అయితే, రెండు రాయాలా ఆరు రాయాలా?

---

వకీలమ్మ · బుధవారం, రాత్రి 10:06

రెండు.

---

ఓరుగల్లు_దేవ్ · బుధవారం, రాత్రి 10:07

పదేళ్ళు నేర్చుకుంటే కదా రెండు గంటల్లో అయింది.

---

డల్లాస్_బాబాయ్ · బుధవారం, రాత్రి 10:31

అయితే గంట రేటు పెంచు, లేదా పని లెక్కన కోట్ చెయ్యి. టైమ్‌షీట్‌లో అబద్ధం రాస్తే మాత్రం దొరికిన రోజు ఏఐ క్లాజ్‌తో పని లేదు, అదొక్కటే చాలు. నా వరకు నేను ఫిక్స్‌డ్ ప్రైసే ఇష్టపడతాను, నువ్వు ఏం తిని రాశావో నాకనవసరం. కానీ ఒప్పుకుంటాను, రేటు పెంచమన్న ఫ్రీలాన్సర్లలో సగం మందికి మేము “తర్వాత చూద్దాం” అనే జవాబే ఇచ్చాం.

---

గోదారి_కోడర్ · తర్వాతి వారం గురువారం, రాత్రి 11:20

అందరికీ క్షమాపణలు, ఇన్ని రోజులు కనబడనందుకు. జరిగింది చెప్తాను.

గడువు పొడిగించారు, అడగ్గానే. రాజమండ్రిలో ఒక లాయర్‌ని కలిశాను. ఆ తర్వాత క్లయింట్‌తో వీడియో కాల్. వాళ్ళ లాయర్, కొత్త ఆపరేషన్స్ మేడమ్, నేను. బాబాయి గారు చెప్పినట్టు ఒక్కటే అడిగాను, ఈ క్లాజ్ దేనికోసమండీ అని. ఆవిడ వెంటనే రోగుల డేటా అంది. లాయర్ మాత్రం కోడ్ మీద హక్కు అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పది నిమిషాలు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు, నేను మ్యూట్‌లో కూర్చున్నాను.

తీసేసిన పేరాలోని విషయం నా అంతట నేనే చెప్పాను, మా లాయర్ రాసిచ్చిన మాటల్లోనే. నోరెండిపోయింది. వాళ్ళ సెక్యూరిటీ ఆయన రెండు రోజులు ప్రశ్నలు అడిగాడు, స్క్రీన్‌షాట్లు తీసుకున్నాడు. నా వైపు నుంచి చేయాల్సిందంతా చేశాను. దాని గురించి ఇంతకంటే రాయను.

కొత్త క్లాజ్ వచ్చింది. కంపెనీయే ఒక బిజినెస్ ఖాతా ఇస్తుంది, అందులోనే వాడాలి. నా సొంత ఖాతాలేవీ ఈ పని దగ్గరికి రాకూడదు. గతం గురించి హామీ పోయింది, ఒక పేజీ అనుబంధం పెట్టాను, ఆ 31 కమిట్ల లిస్టుతో సహా. “తెలిసినంతవరకు” ఒప్పుకున్నారు. లిమిట్ దగ్గర పేచీ పడింది. పన్నెండు నెలల ఫీజు అన్నాను, కుదరదన్నారు. చివరికి ఇరవై నాలుగు నెలలకి తెగింది. డేటా బయటికి పోయిన సందర్భానికి ఆ లిమిట్ వర్తించదు. దీనికి మా లాయర్ పెదవి విరిచారు. నేను సంతకం పెట్టాను. పెండింగ్ ఇన్‌వాయిస్‌లు రెండూ నిన్న పడ్డాయి.

అయిపోయింది అనుకుంటే, ఇవాళ మేడమ్ నుంచి మెయిల్. టూల్ మేమే కొనిస్తున్నాం కదా, కాబట్టి గంట రేటులో 15 శాతం తగ్గించమని.

---

ఓరుగల్లు_దేవ్ · గురువారం, రాత్రి 11:24

హహహ. నేను చెప్పలే?

---

పద్మ_పైథాన్ · గురువారం, రాత్రి 11:50

తగ్గించకండి. రేటు ముట్టుకోకుండా నెలవారీ ఫిక్స్‌డ్‌కి మారుద్దామని అడిగి చూడండి. ఇంతకీ ఇంట్లో చెప్పారా?

---

గోదారి_కోడర్ · శుక్రవారం, ఉదయం 6:10

చెప్పానండి. “ఆ అమెరికా వాళ్ళు ఇచ్చిన టూల్‌కి నువ్వెందుకు డబ్బులు కడతావు” అంది మా ఆవిడ. ఆ మాటే కొంచెం మర్యాదగా మార్చి మెయిల్‌లో పెట్టాను. మాడ్యూల్ లెక్కన కోట్ కూడా జతచేశాను. ఇంకా జవాబు రాలేదు.

---

కొత్తచిగురు · శుక్రవారం, ఉదయం 10:45

నమస్తే, ఇదే నా మొదటి పోస్ట్. నాది తిరకాసు కేసు. హైదరాబాద్ క్లయింట్, కాంట్రాక్ట్‌లో “కర్సర్ తప్పనిసరిగా వాడాలి, రోజుకి ఇన్ని పనులు పూర్తి చేయాలి” అని ఉంది. సబ్‌స్క్రిప్షన్ డబ్బులు నావే. కోడ్‌లో తప్పు వస్తే బాధ్యత కూడా నాదే అట. ఇలాంటిది ఎవరైనా చూశారా?

---

మోడరేటర్ · శుక్రవారం, ఉదయం 10:58

కొత్తచిగురు గారూ, స్వాగతం. దీనికి కొత్త చర్చ మొదలుపెట్టండి, ఇది ఇప్పటికే పొడుగైపోయింది. క్లాజ్ పూర్తి పాఠం రాయండి, కంపెనీ పేరు మాత్రం వద్దు. వకీలమ్మ గారికి నేను చెప్తాను.